ఒక కారు డిస్కు మరియొక కారునకు పొసగునా?

కారు కొన్నవారు మొదట దాని వేగమును గూర్చి మాటలాడుదురు. కొంతకాలము నడిపిన పిమ్మట దాని బ్రేకులను గూర్చి మాటలాడుదురు. పిల్లలతోను పెద్దలతోను కూడి కొండదారిని దిగి వచ్చునపుడు, నాలుగవ మలుపు దాటుసరికి బ్రేకు పెడలు కాలిక్రింద మెత్తబడి లోనికి దిగిపోయినట్లు తోచినచో, ఆ రాత్రి ఇంటి యజమానికి నిదుర సరిగా పట్టదు. మరునాడు షెడ్డునకు పోయి, "దీనికి ఇంతకన్న గట్టి బ్రేకులు వేయవచ్చునా?" అని అడుగును. "వేయవచ్చునండీ. దీనికన్న పెద్ద కారు డిస్కులు మనవద్ద ఉన్నవి. బోల్టులు నాలుగును కలిసినవి, చక్కగా పట్టుచున్నవి" అని సమాధానము వచ్చును.

ఈ "పట్టుచున్నవి" అను మాటలో నిజము ఎంత గలదు, అపాయము ఎంత గలదు అని విచారించుటయే మా ఉద్దేశము. ఒకరి చెప్పు మరియొకరి కాలికి పట్టవచ్చును. కాని దానితో పది క్రోసులు నడువవలసి వచ్చినపుడుగాని అది పొసగినదో లేదో తెలియదు. బ్రేకు విషయమున ఆ తెలియుట చాల ప్రియమైన బేరము.

ముందుగా డిస్కు బ్రేకు స్వరూపమును తెలిసికొందము. సైకిలు చక్రపు అంచును రెండు రబ్బరు ముక్కలు ఇరువైపుల నుండి నొక్కి పట్టుట మనమందరము చూచినదే. కారులో ఆ అంచునకు బదులు పోత ఇనుముతో చేసిన గుండ్రని పళ్లెము చక్రముతోపాటు తిరుగుచుండును. దీనినే డిస్కు అనియు, రోటరు అనియు అందురు. రబ్బరు ముక్కలకు బదులు ప్యాడులు గలవు. ఆ ప్యాడులను పట్టియుండి, పిస్టను సాయముతో డిస్కునకు అదుమునది కాలిపరు. కాలిపరును ఇరుసు భాగమునకు బిగించి ఉంచునది బ్రాకెట్టు. మనము పెడలు తొక్కినపుడు మాస్టరు సిలిండరులోని ద్రవము సన్నని గొట్టముల గుండ పోయి పిస్టనును త్రోయును.

ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే ఇట్టి బ్రేకునకు పేటెంటు పొందెను. అయినను దాని విలువ లోకమునకు స్పష్టముగా తెలిసినది 1953లో. ఆ యేట ఫ్రాన్సులోని లె మాన్ పందెములో డన్‌లప్ డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలుపొందినది. ఇరువది నాలుగు గంటలు ఎడతెగక సాగు ఆ పందెములో, పొడవైన సూటిదారిపై మహావేగముతో వచ్చి, దాని చివర మలుపువద్ద వేగమును తగ్గింపవలసి యుండెను. మరల మరల ఈ పని చేయుటచే డ్రమ్ము బ్రేకులు వేడెక్కి బలము కోల్పోవుచుండగా, డిస్కులు గాలికి తెరపిగా నుండుటచే చల్లబడుచు నిలిచినవి. బ్రేకు యొక్క అసలు శత్రువు వేగము కాదు, వేడి అను సంగతి ఇచట తేటపడినది.

ఆ వేడిని ఒక లెక్కతో చూతము. వేయి కిలోగ్రాముల బరువు గల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దానిని ఆపుటకు బ్రేకులు సుమారు 3,86,000 జౌళ్ల శక్తిని వేడిగా మార్చవలెను. అందులో నూటికి డెబ్బది వంతులు ముందు చక్రములపై పడునని తలచినచో, ఒక్కొక్క ముందు డిస్కునకు రమారమి 1,35,000 జౌళ్లు వచ్చును. డిస్కు బరువు 4 కిలోలైనచో ఒకసారి ఆపుటచే దాని వేడిమి 73 డిగ్రీలు పెరుగును. 5 కిలోలైనచో 59 డిగ్రీలు మాత్రమే పెరుగును. అదే కారు 700 మీటర్ల ఎత్తుగల కొండను దిగునపుడు వెలువడు శక్తి 68 లక్షల జౌళ్లకు పైబడును. ఇది 100 కిలోమీటర్ల వేగము నుండి పదునెనిమిది మారులు ఆపుటకు ఇంచుమించు సమానము. ఇంజను, గాలి కొంత భారమును పంచుకొనకున్నచో ఇదంతయు బ్రేకుల మీదనే పడును.

ఇందువలన పెద్ద డిస్కు చేయు మేలు మొదటిది తెలియుచున్నది. ఇనుము ఎక్కువైన కొలది వేడిమి నెమ్మదిగా పెరుగును. వైశాల్యము ఎక్కువైన కొలది త్వరగా చల్లారును. రెండవ మేలు మీటసూత్రము. తలుపును బందువద్ద నెట్టుటకన్న అంచువద్ద నెట్టుట సులభము గదా! అట్లే ప్యాడు నడిమి నుండి ఎంత దూరముగా పట్టిన అంత బలముగా చక్రమును నిలుపును. కాలి శ్రమ కొంత తగ్గును.

ఈ రెంటిని మించి పెద్ద డిస్కు నుండి మనము ఏమియు ఆశింపరాదు. ముఖ్యముగా, అది కారును తక్కువ దూరములో ఆపునని తలచుట పొరపాటు. చక్రమును ఆపునది బ్రేకు. కారును ఆపునది టైరు. చక్కని పొడిరోడ్డుపై, టైరుకు రోడ్డుకు గల పట్టు 0.8 అనుకొన్నచో, 100 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఆగుటకు దాదాపు 49 మీటర్లు కావలెను. మీ పాత బ్రేకులే చక్రములను బిగబట్టి జార్చగలిగినంత శక్తి గలవియైనచో, ఎంత పెద్ద డిస్కు వేసినను ఆ 49 మీటర్లు 45 కావు. అరిగిన టైరును మార్చినచో మాత్రము తగ్గవచ్చును.

ఇక మరియొక కారు డిస్కును తెచ్చి వేయుటను గూర్చి చెప్పుదుము. ఇందుకు జపాను దేశపు మాజ్డా వారి రెండు సీట్ల చిన్న కారు ఒకటి మంచి ఉదాహరణము. అది మన వీథులలో సాధారణముగా కనబడునది కాదు. కాని దాని లెక్క అతి స్పష్టముగా నుండుటచే దానిని ఎన్నుకొంటిమి. అమెరికాలో దానిని మియాటా అని పిలుతురు. 1989లో అది 1.6 లీటర్ల ఇంజనుతో వెలువడినది. దాని ముందు డిస్కుల వ్యాసము 235 మిల్లీమీటర్లు, మందము 18. వెనుక డిస్కుల వ్యాసము 231. తరువాత 1994 నమూనా మొదలు ఇంజను 1.8 లీటర్లు అయినపుడు, సంస్థవారు ముందు డిస్కులను 255 మిల్లీమీటర్లకును, వెనుకవానిని 251 మిల్లీమీటర్లకును పెంచిరి. ముందు డిస్కు మందము 20 అయినది. పాత 1.6 కారు గలవారు అనేకులు ఈ 1.8 కారు డిస్కులను తెచ్చి తమ కారునకు వేసికొనుట పరిపాటియైనది.

ఆ మార్పు ఎందుకు పొసగినదో గమనింపుడు. రెండు కార్లును ఒకే కుదురు నుండి వచ్చినవి. హబ్బు అదే, నాలుగు బోల్టులు గల 100 మిల్లీమీటర్ల వృత్తము అదే, నడిమి రంధ్రము అదే. అయినను, డిస్కును మాత్రము తెచ్చి తగిలించిన చాలదు. వ్యాసము 20 మిల్లీమీటర్లు పెరిగినది గావున అంచు 10 మిల్లీమీటర్లు వెలుపలికి జరిగినది. పాత బ్రాకెట్టు కాలిపరును పాతచోటనే పట్టియుంచును; కొత్త డిస్కు అంచు దానికి తగులును. కావున 1.8 కారు బ్రాకెట్టులను, దానికి తగిన ప్యాడులను కూడ తేవలెను. డిస్కు ఒంటరిగా రాదు. దాని పరివారముతో వచ్చును.

ఇందులో మరియొక విశేషము గలదు. సంస్థవారు ముందు 20 మిల్లీమీటర్లు పెంచినపుడు వెనుకను కూడ 20 మిల్లీమీటర్లే పెంచిరి. ఇది యాదృచ్ఛికము కాదు. ముందు చక్రములకు, వెనుక చక్రములకు బ్రేకు బలము ఏ పాలున పంచవలెనో ఆ పాలు చెడకుండ జాగ్రత్తపడిరి. ఇంటిలో ముందు డిస్కులు మాత్రమే మార్చువారు మరచునది దీనినే. ముందునకు 70, వెనుకకు 30 పాళ్లుగా బలము పంచబడినదనుకొందము. ముందు బలమును మాత్రము పదవ వంతు పెంచినచో అది 77కు 30 అగును. అనగా నూటికి 72, 28. చూచుటకు స్వల్పమే. కాని తడిరోడ్డుపై ముందు టైర్లు మునుపటికన్న ముందుగానే బిగిసి జారును. స్టీరింగు త్రిప్పినను కారు తిరుగదు. వెనుక బ్రేకులు చేయగల పని చేయకయే మిగిలిపోవును. ఆగు దూరము తగ్గుటకు బదులు పెరుగును. వెనుక బలమును మాత్రము హెచ్చించినచో అపాయము ఇంకను ఎక్కువ: వెనుక చక్రములు ముందుగా బిగిసి, కారు బొంగరమువలె తిరిగిపోవును.

మన దేశములో 2019 ఏప్రిల్ నుండి అమ్మబడు కొత్త కార్లన్నిటికిని చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. ఏర్పాటు తప్పనిసరి అయినది. అది యున్నది గదా అని ధైర్యపడరాదు. ఆ ఏర్పాటు కూడ తయారీదారు అమర్చిన డిస్కులను, కాలిపరులను, టైర్లను లెక్కలో నుంచుకొని కూర్చబడినదే.

ఇప్పుడు షెడ్డులో నిలిచి మనము అడుగవలసిన ప్రశ్నలు చెప్పుదుము.

మొదటిది, బోల్టుల వృత్తము. షెడ్డులలో దీనిని పి.సి.డి. అందురు. ఐదు బోల్టుల కార్లలో కొన్నిటికి 112 మిల్లీమీటర్లు, కొన్నిటికి 114.3. తేడా 2.3 మాత్రమే. కంటికి ఆనదు, ఒకటి రెండు బోల్టులు ఎక్కినట్లే యుండును, కాని అన్నియు సరిగా కూర్చుండవు. అట్లు బలవంతముగా బిగించినది దారిలో వదులగును. డిస్కునకు కొత్త రంధ్రములు తొలిపించి సరిపెట్టుటకు కొందరు పూనుకొందురు. పాత రంధ్రముల ప్రక్కన కొత్త రంధ్రములు పడినపుడు నడుమ మిగులు పోత ఇనుము పలుచనిది; పోత ఇనుము వంగదు, పగులును. ఆ పనిని మేము ఎవరికిని సలహా చెప్పజాలము.

రెండవది, నడిమి రంధ్రము. డిస్కు హబ్బు గుబ్బపై కదలక కూర్చుండవలెను. రంధ్రము చిన్నదైనచో ఎక్కనే ఎక్కదు. ఆ మేలు గలదు. పెద్దదైనచో ఎక్కును, కాని కేంద్రము తప్పును; చక్రము అదరును.

మూడవది, డిస్కు ఎత్తు. డిస్కు నడుమ టోపీవలె లేచియున్న భాగము గలదు. ఆ టోపీ లోతునుబట్టి పళ్లెము కాలిపరు నోటిలో ఎచటికి వచ్చునో నిర్ణయమగును. మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా యున్నను పళ్లెము ఒక ప్రక్కకు ఒరసికొనును. అట్టిచోట సన్నని బిళ్లలు పెట్టి సరిచేయుదుమనువారు, కాలిపరు బోల్టు ఎన్ని మరలు తక్కువగా పట్టినదో కూడ చెప్పవలెను.

నాలుగవది, మందము. ప్రతి డిస్కుపైని ఇంతకన్న పలుచబడరాదను కనీసపు మందము సాధారణముగా చెక్కబడియుండును. మీ కాలిపరునకు తగినదానికన్న పలుచని డిస్కు వేసినచో, ప్యాడు అరిగిన కొలది పిస్టను హద్దు మీరి వెలుపలికి రావలసి యుండును, ద్రవము కారిపోవచ్చును. మందమైనది వేసినచో కొత్త ప్యాడులతో కాలిపరు ఎక్కదు.

ఐదవది, ప్యాడు ముద్ర. ప్యాడు ముఖమంతయు డిస్కు గీయబడిన వలయముపై ఆనవలెను. అంచు దాటి వెలుపలికి వ్రేలాడినచో ఆ భాగము అరుగక పెదవివలె మిగిలి, కొన్నాళ్లకు అడ్డుపడును.

ఆరవది, చక్రములోని చోటు. పెద్ద డిస్కుతోపాటు కాలిపరు వెలుపలికి జరుగును. పైన చెప్పిన మాజ్డా కారునకే తరువాత వచ్చిన 270 మిల్లీమీటర్ల డిస్కులను తగిలించుటకు 14 అంగుళముల చక్రములు సాధారణముగా చాలవు. 15 అంగుళములవి కావలెను. అపుడు టైర్ల ఖర్చు కూడ కలియును. మీ స్టెప్నీ చక్రము ఆ బ్రేకుపై ఎక్కునో లేదో చూచుట మరువరాదు. అర్ధరాత్రి దారిప్రక్కన తెలియవలసిన విషయము కాదు అది.

ఏడవది, చేతిబ్రేకు. కొన్ని కార్లలో వెనుక డిస్కు టోపీ లోపలనే చేతిబ్రేకునకై చిన్న డ్రమ్ము ఏర్పరచబడి యుండును. ఆ లోపలి కొలత కలియనిచో చేతిబ్రేకు పనిచేయదు.

కాలిపరును కూడ మార్చువారికి ఇంకొక మాట. పిస్టను పెద్దదైనచో దానిని నిండించుటకు ఎక్కువ ద్రవము కావలెను. మాస్టరు సిలిండరు పాతదే గనుక పెడలు ఎక్కువ లోతునకు పోవును. బలము హెచ్చినను కాలికి నమ్మకము తగ్గును.

ఈ కొలతలన్నియు కలిసినవనుకొందము. బిగించుటకు ముందు హబ్బు ముఖముపైని త్రుప్పును పూర్తిగా గీకి తుడువవలెను. అచట మిగిలిన ఒక్క త్రుప్పు పొర డిస్కు అంచువద్ద పెద్ద వంకరగా పరిణమించును. మంచి షెడ్డువారు డయల్ గేజి పెట్టి, డిస్కును త్రిప్పి, అంచు ఎంత ఊగుచున్నదో చూతురు. మిల్లీమీటరులో పదవ వంతును మించి ఊగినచో దానిని విప్పి మరల కూర్చవలెను. చక్రపు నట్లను ఎదురెదురుగా, టార్కు రెంచితో, కారు పుస్తకములో చెప్పిన మేరకు బిగింపవలెను. ఎడమ, కుడి డిస్కులు జతగానే మార్చవలెను. ఒక ప్రక్క పాతది, ఒక ప్రక్క కొత్తది యుంచినచో బ్రేకు తొక్కినపుడు కారు ప్రక్కకు లాగును. పిమ్మట ఖాళీ రోడ్డుపై, మితమైన వేగము నుండి మెల్లగా పలుమారులు వేగము తగ్గించుచు, నడుమ చల్లారనిచ్చుచు, ప్యాడును డిస్కును ఒకదానికొకటి అలవాటు చేయవలెను. కొత్త బ్రేకులతో మొదటి దినముననే కొండ దిగరాదు.

చట్టమును కూడ తలచుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడ ఈ విషయమును గట్టిగా చెప్పినది. కావున పని మొదలిడకముందే రవాణా కార్యాలయములోను, బీమా సంస్థలోను అడిగి, సమాధానమును వ్రాతమూలముగా పొందుట మేలు.

ఇక మొదట చెప్పిన ఇంటి యజమాని వద్దకు పోవుదము. ఆయన పెడలు మెత్తబడినదని చెప్పెను. ఇది మిక్కిలి ముఖ్యమైన ఆనవాలు. ప్యాడులు అతిగా వేడెక్కి పట్టు కోల్పోయినచో పెడలు గట్టిగానే యుండును, కారు మాత్రము ఆగదు. పెడలు మెత్తబడి దిగిపోయినచో దోషము చాలవరకు ద్రవమున గలదు. షెడ్డులలో దీనిని బ్రేకు ఆయిలు అందురు. సాధారణముగా వాడునది నిజమునకు నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవము. అది గాలిలోని చెమ్మను పీల్చుకొను గుణము గలది. డాట్ 4 రకపు కొత్త ద్రవము కనీసము 230 డిగ్రీలవరకు మరుగదు. చెమ్మ పట్టిన పిమ్మట 155 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగినపుడు ఆవిరి బుడగలు పుట్టును. కాలు ఆ బుడగలను నొక్కునేగాని పిస్టనును త్రోయదు.

అనగా ఆయనకు మొదట కావలసినది పెద్ద డిస్కు కాదు. ఎన్నడు మార్చితిరో జ్ఞాపకములేని ఆ ద్రవమును మార్పించి, గొట్టములలోని గాలిని తీయించుట. ప్యాడుల మందమును, డిస్కు మందమును కొలిపించుట. గొట్టము ఎచటనైన కారుచున్నదేమో చూపించుట. పెక్కు కార్లకు రెండేండ్లకొకమారు ద్రవమును మార్చుట మంచి అలవాటు. కొండ దిగునపుడు రెండవ గేరులోనో మూడవ గేరులోనో ఇంజనుచేత కారును పట్టించి, బ్రేకును అవసరమైనపుడు గట్టిగా తొక్కి విడుచుట మరియొక అలవాటు. ఈ రెండును చేసిన పిమ్మట కూడ బ్రేకులు చాలకున్నచో, అపుడు పెద్ద డిస్కుల మాట ఆలోచింపవచ్చును.

ఆలోచించునపుడు అదే సంస్థవారు, అదే కుదురుకు చెందిన బరువైన కారునకు వేసిన జతను వెదకుడు. ముందు వెనుకలు రెండును కలిసి మార్చుడు. బ్రాకెట్టు, ప్యాడులతో సహా తెండు. పైన చెప్పిన ఏడు ప్రశ్నలకు కొలబద్దతో సమాధానము చెప్పించుకొనుడు. "పట్టుచున్నదండీ" అను మాట విన్నపుడు, "పట్టుట చూచితిమి, పొసగుట చూపుము" అని మర్యాదగా అడుగుడు. ఆ కారులో కూర్చుండువారు మన ఇంటివారే గదా!